గౌహతికి ఎంతసేపు

మా ముత్తాతగారు పర్చూరు దగ్గర మా ఊరికి మునసబు. ఆయన తండ్రిగారూ, మా తాతగారూ మునసబులే. తాతగారి హయాంలో మాకు నూట పది ఎకరాల నల్లరేగడి, నాలుగు జతల ఒంగోలు ఎడ్లు, ఒక గూడుబండి ఉండేవి. తాతగారు మద్రాసు వెళ్లాలంటే ఆ గూడుబండిలో చీరాల స్టేషనుకు బయలుదేరేవారు. బండికి ముందు ఒక మనిషి నడిచేవాడు, ఎదురొచ్చే బళ్లను పక్కకు తీయించడానికి. పత్తి చేలలో పనిచేసేవాళ్లు ఆ బండిని చూసి, "మునసబుగారి బండి పోయింది, ఇక అన్నాలకు లేద్దాం" అనుకునేవారట. ఊరికి గడియారం మా బండే. నాన్నగారు పోటీ లేకుండా రెండుసార్లు పంచాయతీ ప్రెసిడెంటయ్యారు. ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే చెప్పులు చేత్తో పట్టుకుని వీధి దాటినవాళ్లను నా చిన్నప్పుడు నేను చూశాను. అది మంచి పద్ధతని ఇవాళ అనను. చూశానని మాత్రం రాస్తున్నాను.

పత్తికి తెల్లదోమ పట్టిన ఏళ్లలో ఆ పొలమంతా చెక్కలు చెక్కలుగా పోయింది. నా వాటాకు వచ్చిన కాస్తా నా చేతుల మీదుగానే పోయింది. నేను గుంటూరు వచ్చి బడిలో సోషల్ మాస్టారుగా చేరాను. ముప్ఫై రెండేళ్లు పిల్లలకు అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పి రిటైరయ్యాను. బ్రాడీపేటలో ఒక మేడ మీద వాటాలో అద్దెకుంటున్నాం నేనూ మా ఆవిడా. కింద డాక్టరుగారి క్లినిక్కు, ఎదురుగా కోచింగ్ సెంటరు. వీధిలో ఎవరికీ మా తాతగారి బండి సంగతి తెలియదు. నేనూ చెప్పను.

ఇంత పోయినా ఒక్క చెక్క మిగిలింది. నాన్నగారు మా చెల్లెలికి పసుపుకుంకుమల కింద రాసిచ్చిన మూడెకరాల ఇరవై సెంట్లు. ఊళ్లో మా వంశం పేరు పలికే నేల అదొక్కటే. అది నాది కాదు, అయినా ఏడాదికి రెండుసార్లు పర్చూరు బస్సెక్కి వెళ్లి ఆ గట్టు మీద నిలబడి వచ్చేవాణ్ణి. ఎవరైనా పలకరిస్తే, "మా పొలం చూసుకుందామని వచ్చా" అనేవాణ్ణి. ఆ ఒక్క మాట అనడానికే వెళ్లేవాణ్ణని మా ఆవిడ అంటుంది. కావచ్చు.

చెల్లెలు ఉండేది గౌహతిలో. బావగారు రైల్వేలో పనిచేసి అక్కడే రిటైరై అక్కడే స్థిరపడ్డారు. పెళ్లయి వెళ్లిన కొత్తలో నేను బడిలోని గ్లోబు మీద గుంటూరు నుంచి గౌహతికి దారం పెట్టి కొలిచాను. గీసినట్టు పోతే పదహారు వందల కిలోమీటర్లు. రైలు మాత్రం సముద్రం పక్కనే పైకి పోయి, బెంగాలు చుట్టి, రెండు వేల పైచిలుకు తిప్పుతుంది. రెండు పగళ్లు, రెండు రాత్రులు. ఒక్కోసారి ఇంకో పూట కూడా. ముందు ఏటా వెళ్లేవాణ్ణి. తర్వాత రెండేళ్లకోసారి. ఆ తర్వాత నడుము సహకరించడం లేదన్నాను. నిజంగానే సహకరించేది కాదు.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మొదటి కోత మిరపకాయలు కల్లంలో ఎండాక, తాలుకాయ ఏరి, తొడిమలు తీసి, దంచి, ఇంట్లో ఎవరూ నోట పెట్టకముందే ఆ కారం ఆడపడుచుకు పంపాలి. గడప దాటిన దగ్గర్నుంచి ఆమె చేతికి అందేదాకా ఆ డబ్బా నేల తాకకూడదు. మా మేనత్తకు నాన్నగారు ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లేవారు, బండిలోనూ ఒళ్లోనే, రైల్లోనూ ఒళ్లోనే. నేనూ చెల్లెలికి అలాగే తీసుకెళ్లేవాణ్ణి. రెండు పగళ్లూ రెండు రాత్రులూ పై బెర్తులో నా తల పక్కనే పెట్టుకునేవాణ్ణి.

ఇక అతని సంగతి చెప్పాలి. అతని తండ్రి మా ఊరి దూదేకుల సాయిబు. ఏటా పత్తి తీతలు అయ్యాక విల్లు భుజాన వేసుకుని మా పెరట్లోకి వచ్చి, పరుపులకూ దిండ్లకూ దూది ఏకి ఇచ్చేవాడు. గడ్డానికీ కనుబొమలకూ దూది అంటుకుని ముసలివాడిలా కనిపించేవాడు. నాన్నగారిని "బాబుగారూ" అనేవాడు. ఆ సాయిబు పెద్దకొడుకే ఇతను. గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర పనికి కుదిరి, తర్వాత సొంతంగా వ్యాపారం పెట్టి, ఇప్పుడు గౌహతి వ్యాపారులకు లారీల మీద కాయ పంపుతున్నాడు. చెల్లెలి పొలం పదేళ్లుగా అతని కౌలులోనే ఉంది. బోరు వేయించిందీ అతనే. నన్ను "అన్నా" అంటాడు. "మీరు" అనే మాట్లాడతాడు, కానీ "అన్నా" అంటాడు.

మొదటిసారి గౌహతి వెళ్తున్నానని అతను చెప్పినప్పుడు చెల్లెలి ఫోన్ నంబరు ఇచ్చింది నేనే. "అక్కడ తెలుగు మాట వినపడక అల్లాడుతుంది, ఒకసారి కనపడిరా" అన్నాను. అతను కనపడ్డాడు. ఆ తర్వాత ఏడాదికి మూడుసార్లు కనపడుతూనే ఉన్నాడు. కారం డబ్బా కూడా, "ఎలాగూ వెళ్తున్నాగా అన్నా, ఇటివ్వండి" అని నాలుగేళ్లుగా అతనే తీసుకెళ్తున్నాడు. ఇచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ రెండు రోజులు అన్నం సయించేది కాదు.

అసూయ అనే మాట నా గురించి నేను రాసుకోవడం ఇదే మొదలు. అతని కారు చూసి నాకు కలగలేదు. యార్డులో అతనికి జరిగే మర్యాద చూసీ కలగలేదు. మా చెల్లెలు ఫోనులో, "మొన్న వచ్చాడన్నయ్యా, పాపం గోంగూర కూడా తెచ్చాడు, కట్ట వాడకుండా తెచ్చాడు" అన్నప్పుడు కలిగింది. ఆకు వాడిపోకుండా గౌహతి చేరడమంటే ఏమిటో నాకు తెలుసు. నేను తీసుకెళ్లిన గోంగూర ఖరగ్‌పూర్ దగ్గరే తలకాయ వాల్చేది.

మొన్నటి జనవరిలో అతను కొత్త కాయ ఒక బుట్ట మా ఇంటికి తెచ్చాడు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. అతను కాఫీ తాగుతూ తన విమానాల గురించి చెప్పాడు.

"పొద్దున ఎనిమిదికి గన్నవరంలో ఎక్కితే తొమ్మిదింటికల్లా హైదరాబాదు. అక్కడ కాస్త కూర్చోవాలి. పదకొండున్నరకి రెండోది. రెండింటికి గౌహతిలో దిగుతా. మూడున్నరకి అక్క చేతి కాఫీ. ఆరోజుకారోజే అన్నా."

"గౌహతి ఈశాన్యాన ఉంటే నువ్వు ముందు పడమటికి పోతావేంటి?" అన్నాను. "అది నాలుగు వందల కిలోమీటర్లు చుట్టు. గ్లోబు తెస్తా, చూడు."

అతను నవ్వాడు. "చుట్టయితే విమానానికి గదా అన్నా, నాకేంటి? నేను కూర్చునే ఉంటా."

"దూరం దూరమేనయ్యా."

"మీరు మాస్టారు, మీకు కిలోమీటర్లు. మాకు టైమే. పొద్దున ధర సాయంత్రానికి ఉండదు మా యార్డులో."

మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. ఆమె ఎందుకు నవ్విందని అతను వెళ్లాక అడిగాను. "నవ్వొచ్చింది, నవ్వాను. దానికీ గ్లోబు తేవాలా?" అంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం చెల్లెలు ఫోన్ చేసింది. కాసేపు వాతావరణం, మోకాళ్లు అయ్యాయి. తర్వాత అంది:

"అన్నయ్యా, ఆ పొలం ఇచ్చేద్దామనుకుంటున్నా."

"ఎవరికి?"

"అతను అడిగాడు. ఇంకెవరికిస్తాను? గురువారం వస్తున్నాడు. మాట అప్పుడే అనుకుంటాం."

నేను ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"నువ్వు వద్దంటావని తెలుసు. నీకు చెప్పకుండా చేస్తే బాగుండదని చెప్తున్నా. నీకేమన్నా అనాలనుంటే వచ్చి అను. ఫోన్లో నీ మాట నాకు సరిగ్గా అర్థం కాదు, అరుస్తావు."

ఆ పొలం కొనగల స్థితి నాది కాదు. అది ఆమెకూ తెలుసు. అమ్మొద్దని అడగడం ఒక్కటే నా చేతిలో ఉంది, అదీ గురువారంలోగా. అతనికంటే ముందు ఆమె ఎదుట కూర్చుంటే, నాన్నగారి పేరు చెప్తే, ఆమె కాదనదని నా నమ్మకం. రైలు మంగళవారం రాత్రికి గానీ లేదు, చూస్తే అదీ వెయిటింగ్ లిస్టు. దొరికినా అతనికంటే ముందు చేరను.

అప్పుడు విమానం గురించి ఆలోచించాను. అరవై ఆరేళ్లు వచ్చినా నేను విమానం ఎక్కలేదు. రైల్లో వెళ్తే దేశం కనపడుతుందని అందరితో అనేవాణ్ణి. ఎక్కడ నిలబడాలో, ఎవరికి ఏ కాగితం చూపాలో తెలియక పదిమందిలో తెల్లమొహం వేయాల్సి వస్తుందన్నది అసలు కారణం. ఆ భయం ఎవరికీ చెప్పలేదు.

బ్రాడీపేటలో టికెట్లు తీసే షాపుకు వెళ్లాను. అక్కడ ఉన్నావిడ కంప్యూటరు చూస్తూ అడిగింది:

"రౌండు ట్రిప్పాండీ?"

"ముందు వెళ్లనివ్వమ్మా."

"బుధవారం ఉంది సార్, పొద్దున ఎనిమిది పది. హైదరాబాదులో మారాలి. విండో కావాలా?"

"కిటికీయే ఇవ్వు. కుడి వైపు."

"కుడివైపే ఎందుకు సార్?"

"మధ్యాహ్నం అటు ఎండ రాదు," అన్నాను. నిజానికి నేను తప్పు లెక్కేశాను. ఈశాన్యంగా పోయే విమానంలో ఆ మధ్యాహ్నం వేళ ఎండ కుడివైపే కొడుతుంది. ముప్ఫై రెండేళ్లు సూర్యుడి గురించి పాఠం చెప్పినవాణ్ణి, కంగారులో అది తోచలేదు.

బుధవారం అంటే అతనికంటే ఒక రోజు ముందు. ఇంటికి వస్తూ నాలో నేను ఎంత సంతోషించానో రాయడానికి సిగ్గుగా ఉంది. చెల్లెలి ఇంట్లో ముందు గదిలో కుర్చీలో కూర్చుని, గురువారం మధ్యాహ్నం అతను సూట్‌కేసు లాక్కుంటూ గేటు తీస్తే, "రావయ్యా, రా, ప్రయాణం బాగా జరిగిందా?" అని నేను అడుగుతున్నట్టు ఊహించుకున్నాను. ఆ వాక్యం రెండు మూడు రకాలుగా పలికి చూసుకున్నాను కూడా.

మా ఆవిడ మంగళవారం కారం దంచి, స్టీలు డబ్బాలో పోసి, మూతకు గుడ్డ వాసెన కట్టింది. ఈ ఏడు ఆ డబ్బా నా ఒళ్లోనే వెళ్తుంది.

గన్నవరంలో కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి లగేజీ ఏమైనా ఇస్తారా అని అడిగింది. నా బట్టల సంచి ఇచ్చాను.

"ఆ డబ్బా సార్?"

"అది నాతోనే ఉంటుంది."

"ఏముందండీ అందులో?"

"మా ఇంటిది," అన్నాను. అంతకంటే చెప్పడం నాకు అనవసరం అనిపించింది. వెనక వరుస పెరిగిపోతోంది. ఆమె ఇంకేమీ అడగలేదు.

తనిఖీ దగ్గర డబ్బాను ఎక్స్‌రే పెట్టెలోకి పంపారు. అవతల సెక్యూరిటీ ఆయన దాన్ని తీసి పక్కన బల్ల మీద పెట్టి గుడ్డ విప్పబోయాడు.

"విప్పొద్దు," అన్నాను.

"ఏముంది సార్ ఇందులో?"

"కారం."

"కారం లోపలికి రాదండీ."

"ఎందుకు రాదు? విషమా అది? మా చెల్లెలికి."

"ఎవరికైనా రాదు సార్. కళ్లలో కొడితే ఏంటి సంగతి? కింద లగేజీలో అయితే పోతుంది. చేతి సంచిలో పోదు."

"నేను ఎవరి కళ్లలో కొడతానయ్యా? నన్ను చూస్తే అలా ఉన్నానా?"

ఆయన నవ్వు ఆపుకున్నాడు. బల్ల అవతల ఒక ట్రే చూపించాడు. అందులో పచ్చళ్ల సీసాలు, కారప్పొడి పొట్లాలు, నల్లకారం, ఎండుమిరపకాయలు. "చూడండి. ఇవన్నీ పొద్దున్నించి. గుంటూరువాళ్లు ఇదొక్కటి మాత్రం మర్చిపోరు సార్. ఇక్కడ పెట్టేసి వెళ్లండి, టైము అయిపోతోంది."

నా వెనక ఉన్న ఒక పెద్దావిడ, "ఇచ్చేసెయ్యండి బాబూ, నేను రెండేళ్ల కిందట ఆవకాయ ఇచ్చేసి ఏడ్చుకుంటూ ఎక్కా" అంది.

ఆ ట్రేలో మా ఇంటి కారం పెట్టడం నా వల్ల కాలేదు. అలా పెడితే ఏం మొహంతో చెల్లెలి గడప తొక్కుతాను? డబ్బా తీసుకుని మళ్లీ కౌంటరు దగ్గరికి నడిచాను. పరుగెత్తలేదు. మా ఇంట్లో ఎవరూ పదిమందిలో పరుగెత్తరు. నేను చేరేసరికి కౌంటరు మూసేశారు. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ఇక లగేజీ తీసుకోరట. నేను ఎక్కడం లేదని తెలిసి నా బట్టల సంచిని దింపి తెచ్చిచ్చారు. అద్దాల అవతల నేనెక్కాల్సిన విమానం వెనక్కి జరిగి, తిరిగి, వెళ్లిపోయింది. కుర్చీలో కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. అది ఒక్కసారి కూడా నేల తాకలేదు.

మంగళగిరి మీదుగా బస్సులో ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. సరిగ్గా అదే వేళకు నేను గౌహతిలో దిగాలి. మా ఆవిడ తలుపు తీసి నన్నూ డబ్బానూ చూసింది.

"విమానం వెళ్లిపోయింది," అన్నాను.

"మీరు లేకుండానా?"

"కారం లోపలికి రానివ్వలేదు."

"అయితే కారం పారేసి మీరు వెళ్లాలి గానీ, కారం కోసం మీరు ఆగిపోతారా?"

"నువ్వు దంచిన కారమే."

"నేను దంచాను కాబట్టే చెప్తున్నా, మళ్లీ దంచేదాన్ని. అతను ఏటా తీసుకెళ్తున్నాడుగా, ఎలా తీసుకెళ్తున్నాడో అడిగారా ఒక్కసారైనా?"

అడగలేదు. అతన్ని ఏదైనా అడగడమంటే నాకు తెలియదని ఒప్పుకోవడమే. అది నాకు చేతకాదు.

షాపులో ఆవిడ టికెట్టు మరుసటి రోజుకు మార్చింది. గురువారం పొద్దున గన్నవరంలో నేను గుమ్మం దాటగానే అతను కనపడ్డాడు.

"అన్నా! మీరా? గాల్లో ఎగరడం మీకు పడదన్నారుగా!"

"చెల్లెల్ని చూసి చాలా రోజులైంది."

అతను ఒక్క క్షణం నా మొహం చూశాడు. ఎందుకు వెళ్తున్నానో అతనికి అర్థమైంది. అర్థమైనట్టు కనపడనివ్వలేదు. అందుకూ నాకు కోపం వచ్చింది. అతను నా చేతిలోని డబ్బా చూసి, తన పెట్టె ట్రాలీ మీదే తెరిచి, చొక్కాల మధ్య జాగా చేశాడు.

"ఇటివ్వండి. చేత్తో పట్టుకెళ్తే లోపల తీసేసుకుంటారు. మొదటిసారి నా దగ్గరా రెండు కేజీలు తీసేసుకున్నారు."

ఇచ్చాను. అతను డబ్బాను మూత చుట్టూ టేపు వేసి, కవరులో చుట్టి, చొక్కాల మధ్య పెట్టాడు. పెట్టెను ట్రాలీ మీంచి నేరుగా కౌంటరు పట్టీ మీదికి ఎత్తాడు. "కింద పెట్టకూడదుగా," అన్నాడు, మామూలుగా.

"నీకెవరు చెప్పారు?"

"మా నాన్న. మీ మేనత్తగారికి ఒకసారి బాబుగారు జ్వరంలో ఉంటే మా నాన్నే తీసుకెళ్లాడంటగా, చీరాల నుంచి నిలబడే వెళ్లాడంట."

ఆ సంగతి నాకు తెలియదు. మా ఇంటి సంగతి, నాకు తెలియనిది, అతనికి తెలుసు.

విమానంలో అతనిది నా వెనక వరుస. హైదరాబాదు దాకా గంట. అక్కడ అతను నాకు టీ కొనిచ్చాడు, ఏ గేటుకు వెళ్లాలో చూపించాడు. రెండో విమానం పైకి లేచాక నేను కిటికీకి అతుక్కుపోయాను. ఎండ మొహం మీదే పడుతున్నా తెర దించలేదు. ఒక పెద్ద నది వచ్చింది, గోదావరి అనుకున్నాను. చాలాసేపటికి ఇంకొకటి, మహానది. రైల్లో ఒక పగలంతా పట్టే ఒరిస్సా కాఫీ చల్లారేలోపు అయిపోయింది. నా వేళ్ల మధ్య గ్లోబు మీది దారం ఉన్నట్టే అనిపించింది. తిరిగి చూస్తే అతను నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతున్నాడు. చెల్లెలికి పెళ్లయిన దగ్గర్నుంచి ముప్ఫై ఏళ్లుగా నేను కొలుస్తున్న దూరం అతనికి ఒక కునుకు.

రెండు గంటల నలభై నిమిషాలు. గడియారం చూశాను. నాలుగేళ్లుగా నేను వెళ్లని చోటికి పట్టిన కాలం అది.

చెల్లెలు గేటు దగ్గరే నిలబడి ఉంది. నన్ను చూసి, "అన్నయ్యా, చిక్కిపోయావేంటి?" అని చేయి పట్టుకుంది. ఆ వీధిలో కుక్క ఒకటి నన్ను చూసి మొరిగింది, అతన్ని చూసి తోక ఊపింది. అతను చెప్పులు ఎక్కడ విడవాలో చూడకుండానే విడిచాడు. వంటింట్లో మంచినీళ్లు తనే తీసుకుని తాగాడు. బావగారి పక్కన కూర్చుని, "రాత్రి మాత్ర మార్చారా బావగారూ, కాళ్ల వాపు తగ్గిందా?" అని అడిగాడు. ఏ మాత్రో, ఏ వాపో నాకు తెలియదు.

అతను పెట్టె తెరిచి డబ్బా తీసి, చెల్లెలికి ఇవ్వకుండా నా చేతికి ఇచ్చాడు. నేను చెల్లెలి చేతికి ఇచ్చాను. ఆమె కళ్లకద్దుకుంది. అంతవరకు నేను గెలిచినట్టే ఉంది.

అయిదు దాటేసరికి ఆ ఊళ్లో దీపాలు పెట్టేశారు. గుంటూరులో ఇంకా ఎండ ఉండే వేళ. అతను తన వ్యాపారి దగ్గరికని బయటికి వెళ్లాడు. కావాలనే వెళ్లాడని తెలుసు. చెల్లెలు నా ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు. అరవకుండా చెప్పు."

నాన్నగారి పేరు చెప్పాను. తాతగారి బండి గురించి చెప్పాను. ఊళ్లో మన పేరున ఉన్నది ఆ చెక్క ఒక్కటేనన్నాను. అమ్మవలసిన అవసరం నీకేమొచ్చిందన్నాను.

"అవసరం లేదు."

"మరి?"

"ఉంచుకునే అవసరమూ లేదుగా అన్నయ్యా. అది నా పేరున ఉంటే నువ్వేం చేస్తావు? ఏడాదికి రెండుసార్లు గట్టు మీద నిలబడి వస్తావు."

"అదైనా ఉంటుంది."

"దున్నింది అతను. బోరు వేసింది అతను. పుచ్చు పట్టిన ఏడు నేను వద్దన్నా కౌలు ఇచ్చింది అతను."

"అది వ్యాపారం. అతను నీ దగ్గరికి వచ్చేది ఆ పొలం కోసమే."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. చెల్లెలు లేచి కిటికీ తలుపు వేసి వచ్చి కూర్చుంది.

"నిరుడు మీ బావగారు బాత్రూములో పడిపోయారు గుర్తుందా? ఆసుపత్రిలో వేశాం. నీకు ఫోన్ చేశాను."

"టికెట్టు దొరకలేదు. దొరికేసరికి ఇంటికొచ్చేశారు, రావద్దని నువ్వే అన్నావు."

"అన్నాను. నువ్వు రెండు రోజులు రైల్లో నడుము పట్టుకుని కూర్చుంటావని అన్నాను. ఆ సాయంత్రమే అతను వచ్చాడు. నేను రమ్మనలేదు. ఇక్కడి వ్యాపారి ఎవరో యార్డుకు ఫోన్ చేసి చెప్పారట. ఆరు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చున్నాడు. అప్పటికి పొలం మాట అతను ఎత్తనే లేదు. ఈ జనవరిలో ఎత్తాడు, అదీ నేను అడిగితే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు బాధపడతావని అతనే వద్దన్నాడు."

అప్పుడు నా లోపల లేచినదాన్ని ఏమనాలో తెలియదు. కృతజ్ఞత కావలసింది. కాలేదు. నా చెల్లెలి భర్త పడిపోయిన రోజు నేను ఉండాల్సిన వరండా బల్ల మీద అతను కూర్చున్నాడు. నేను బాధపడతానని నా మీద జాలి కూడా అతనే పడ్డాడు. మా తాతగారి బండి ముందు నడిచిన మనిషి కూడా ఇంత దగ్గరగా మా ఇంట్లోకి రాలేదు. పొలం తీసుకుంటే తీసుకోనీ, ఆ ఆరు రోజులు మాత్రం నాకు కావాలి అనిపించింది. అవి ఎవరూ రిజిస్టరు చేసి ఇవ్వరు.

"విమానంలో ఎంతసేపు పట్టింది అన్నయ్యా?" అని అడిగింది చెల్లెలు, కాసేపయ్యాక.

"మొత్తం ఆరు గంటలు. గాల్లో ఉన్నది మూడు గంటల నలభై."

"అంతేనా," అంది. లేచి వెళ్లి కాఫీకి పాలు పెట్టింది.

అతను తిరిగి వచ్చాక ముగ్గురం కూర్చుని కాఫీ తాగాం. చెల్లెలు నా వైపు చూసింది. నేను చెప్పాలని ఆగింది. నేను కాదంటే ఆ సాయంత్రం ఆమె మాట ఇచ్చేది కాదని ఇప్పటికీ నా నమ్మకం. ఆ ఒక్క మర్యాద నాకు మిగిల్చింది.

"పొలం నువ్వే తీసుకోవయ్యా," అన్నాను అతనితో. గొంతు సరిగ్గానే వచ్చింది.

అతను కప్పు కింద పెట్టాడు. "మొదటి కోత కాయ మాత్రం ఏటా మీ ఇంటికే వస్తుందన్నా. కారం మీ ఇంట్లోంచే రావాలి అక్కకి. అది నేను పంపితే బాగుండదు."

ఆ మాటకు చెల్లెలు కళ్లు తుడుచుకుంది. ఆమెను అలా కదిలించే మాట నా నోట ఎన్నేళ్లుగా రాలేదో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

తిరుగు ప్రయాణానికి శనివారం తన విమానంలోనే టికెట్టు చూస్తానన్నాడు. వద్దన్నాను. రైల్లోనే వచ్చాను. కిటికీ పక్కన కూర్చుని ఒక్కో స్టేషను పేరు చదువుకుంటూ వచ్చాను. రైలు నాలుగు గంటలు ఆలస్యమైంది. నేను విజయవాడలో దిగి గుంటూరు చేరేసరికి అతను ఎప్పుడో యార్డుకు వచ్చేసి, ఇంకో లారీ కాయ పంపించేశాడని మా ఆవిడ చెప్పింది.

"ఎందుకంత కష్టం, అతనితో రాకపోయారా?" అంది.

"రైల్లో దేశం కనపడుతుంది," అన్నాను. ఆమె ఈసారి నవ్వలేదు.

ఏప్రిల్లో చెల్లెలు వచ్చి పర్చూరులో సంతకం పెట్టింది. మూడెకరాల ఇరవై సెంట్లు, బోరు, మోటారు, తూర్పు గట్టు మీది నాలుగు వేపచెట్లతో సహా అమ్ముడయ్యాయి.